జనం కోసం వైద్యం రాస్తూ, పాఠం చెబుతూ ఏళ్ళ తరబడి నిలబడ్డ డాక్టర్లు ఉన్నారా? మీ అనుభవం కావాలి

కొత్త అసిస్టెంట్ ప్రొఫెసర్ అడిగారు:

అందరికీ నమస్కారం. జనరల్ మెడిసిన్‌లో ఎండీ అయ్యాక రెండున్నరేళ్ళ కింద ఒక ప్రభుత్వ మెడికల్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరాను. చేరిన మూడో నెల నుంచి వారానికి ఒక పేజీ తెలుగులో రాస్తున్నాను, మా ఓపీకి వచ్చేవాళ్ళ కోసం. షుగరు, బీపీ, ఫిట్స్, పచ్చకామెర్లు, ఏ వారం ఏది ఎక్కువగా కనిపిస్తే అది. జిరాక్స్ తీయించి ఓపీ బయట గోడకి అంటిస్తాను, అడిగినవాళ్ళ ఫోన్లకి కూడా పంపిస్తాను. ఇది కాక రోజూ మధ్యాహ్నం రౌండ్స్ అయ్యాక హౌస్ సర్జన్లకి (ఎంబీబీఎస్ పరీక్షలు అయ్యాక ఏడాది పాటు ఆస్పత్రిలో పనిచేస్తూ నేర్చుకునే కుర్ర డాక్టర్లకి) ఒక గంట బెడ్ దగ్గరే పాఠం చెబుతాను, అది నా డ్యూటీలో లేదు, ఇష్టంతో చేస్తున్నదే.

ఇప్పుడు అలసట వచ్చేసింది. మా పెద్దవాళ్ళలో ఒకరు "ఈ టైములో రెండు పేపర్లు రాసుకుంటే ప్రమోషన్‌కి పనికొచ్చేవి కదమ్మా" అన్నారు, ఆయన మంచికే అన్నారని నాకు తెలుసు. ఇంకొకరు డాక్టరు ఇలా జనానికి రాయడం అడ్వర్టైజ్‌మెంట్ కిందికి వస్తుంది, మెడికల్ కౌన్సిల్ ఊరుకోదు అన్నారు. అంతకంటే నన్ను బాగా కుదిపేసింది పోయిన నెల జరిగింది. నేను షుగరు మీద రాసిన పేజీని ఎవరో ఫోన్‌లో మార్చి, కింద ఏదో కషాయం పేరు చేర్చి, "నలభై రోజులు తాగితే ఇన్సులిన్ అక్కర్లేదు" అని నా పేరుతోనే తిప్పారు. ఒకాయన అది నమ్మి ఇన్సులిన్ ఆపేసి, ఆయాసంతో, వాంతులతో క్యాజువాలిటీకి వచ్చాడు. బతికాడు. డిశ్చార్జ్ రోజున "మీరే రాశారు కదమ్మా" అని ఆ ఫోన్ తీసి చూపించాడు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ఆ తరవాత రెండు వారాలు పేజీ రాయలేదు.

పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు ఈ పని చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. ఇన్నేళ్ళు ఎలా నిలబడ్డారు? వెనక్కి తిరిగి చూస్తే ఏది పనికొచ్చింది, ఏది వృథా అనిపిస్తుంది? ఆపేయాలని అనిపించలేదా?

---

పాత వార్డు డాక్టరు:

అమ్మా, నేను 2003లో మొదలుపెట్టాను, శ్రీకాకుళం జిల్లాలో ఒక ఏరియా ఆస్పత్రిలో ఉన్నప్పుడు. మీలాగే గోడ మీద కాగితం. మొదటి పేజీ సెలైన్ గురించి. అప్పట్లో పొలం పనుల రోజుల్లో ప్రతి ఆదివారం నీరసం అంటూ వచ్చి "ఒక గ్లూకోజ్ బాటిల్ ఎక్కించండి బాబూ" అనేవాళ్ళు, బయట దానికి రోజు కూలి అంత డబ్బు పోసేవాళ్ళు. నేను రాసింది ఇంతే: అర లీటరు గ్లూకోజ్ సీసాలో ఉన్నది 25 గ్రాముల గ్లూకోజ్, అంటే అయిదు చెంచాల చక్కెర పాటి. మూడు ఇడ్లీలు తింటే అంతకంటే ఎక్కువ బలం వస్తుంది. మామూలు సెలైన్ అయితే అందులో నాలుగున్నర గ్రాముల ఉప్పు, నీళ్ళు, అంతకుమించి ఏమీ లేదు. వాంతులు ఆగనివాళ్ళకి, స్పృహ లేనివాళ్ళకి, ఒంట్లో నీరు బాగా పోయినవాళ్ళకి అదే ప్రాణం, మిగతావాళ్ళకి డబ్బు దండగ. ఆ కాగితం ముందు జనం గుమిగూడి, చదువొచ్చిన ఒక కుర్రాడు పైకి చదువుతుంటే మిగతావాళ్ళు వినడం నేను కిటికీలోంచి చూశాను. నేను ఇన్నేళ్ళు రాయడానికి ఆ ఒక్క దృశ్యం చాలు.

ముందు మీ అడ్వర్టైజ్‌మెంట్ భయం తీర్చేస్తాను. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమావళిలో ఇది స్పష్టంగానే ఉంది. తనకి పేషెంట్లు రావాలని పత్రికల్లో రాయకూడదు. ప్రజారోగ్యం గురించి, ఆరోగ్యంగా బతకడం గురించి మాత్రం తన పేరుతోనే రాయొచ్చు, ఉపన్యాసాలు ఇవ్వొచ్చు. అనుమతి లేకుండా, మనిషి ఎవరో తెలిసిపోయేలా ఫోటోలు, కేసు వివరాలు వేయకూడదు. ఇవి పాటిస్తే మీకు భయం లేదు. పేజీలో మీ క్లినిక్ అడ్రసు, ఫోన్ నంబరు ఎప్పుడూ వేయకండి. నేనయితే ఇంకో అడుగు ముందుకేసి, "ఒక పేషెంటు" అని రాసేటప్పుడు కూడా వయసు, ఊరు, కులవృత్తి మార్చేస్తాను. చిన్న ఊళ్ళలో "తాటిచెట్టు మీంచి పడ్డ నలభై ఏళ్ళ మనిషి" అంటే చాలు, పేరు చెప్పినట్టే.

ఇప్పుడు అసలు సంగతి. ఏళ్ళ తరబడి రాస్తే ఏమవుతుందని అడిగారు. మన పాత కాగితాలు మనకంటే ఎక్కువ కాలం తిరుగుతాయి, అదీ అయ్యేది. దీని గురించి నాకు ఎవరూ ముందే చెప్పలేదు.

2006లో గుండెపోటు మీద ఒక పేజీ రాశాను. అందులో ఒక వాక్యం, "యాభై దాటిన మగవాళ్ళు, షుగరు, బీపీ ఉన్నవాళ్ళు రోజూ ఒక చిన్న ఆస్పిరిన్ వేసుకుంటే గుండెపోటు రాకుండా ఉండే అవకాశం ఎక్కువ, మీ డాక్టరుని అడగండి." అప్పట్లో చాలామంది డాక్టర్లు అలాగే చెప్పేవాళ్ళు, నేను నా సొంతంగా పుట్టించింది కాదు. 2018లో ఒకే ఏడాది మూడు పెద్ద పరిశోధనలు వచ్చాయి, అందులో ఒకటి ఆస్ట్రేలియా, అమెరికాల్లో ప్రధానంగా డెబ్భై దాటిన 19 వేల పైచిలుకు మంది మీద చేసింది. ఇంతకు ముందు గుండెపోటు, పక్షవాతం లేనివాళ్ళకి ఆస్పిరిన్ వల్ల పెద్దగా లాభం లేదు, రక్తస్రావం మాత్రం పెరుగుతుంది అని తేలింది. 2019లో అమెరికా గుండె డాక్టర్ల సంఘాలు సలహా మార్చేశాయి. నేను ఇవన్నీ చదివాను, పీజీలకి క్లాసులో చెప్పాను, పరీక్షలో ప్రశ్నగా కూడా అడిగాను. గోడ మీద పేజీ గుర్తుకే రాలేదు.

2021లో ఒక పెద్దాయన్ని తీసుకొచ్చారు. మూడు రోజులుగా తారులా నల్లటి విరేచనం, కళ్ళు తెల్లగా పాలిపోయి, హిమోగ్లోబిన్ 5 దగ్గర. ఏం మందులు వాడుతున్నారు అంటే కొడుకు చొక్కా జేబులోంచి ఒక కాగితం తీశాడు. ప్లాస్టిక్ లామినేషన్ చేయించి, మడతల దగ్గర పసుపు పచ్చబడి, ఒక మూల చిరిగి ఉంది. నా చేతిరాత. కింద నా సంతకం. ఆయనకి గుండె జబ్బు ఎప్పుడూ లేదు. పదిహేనేళ్ళుగా నా వాక్యాన్ని నమ్మి రోజూ రాత్రి భోజనం అయ్యాక ఆ మాత్ర వేసుకుంటున్నాడు. "డాక్టరుని అడగండి" అన్న ముక్క దగ్గరే కాగితం మడత పడి అక్షరాలు చెరిగిపోయాయి. రెండు బాటిళ్ళ రక్తం ఎక్కించి, ఎండోస్కోపీ చేస్తే కడుపులో పుండు. కోలుకుని ఇంటికి వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు నాకు దండం పెట్టాడు. ఆ దండం తీసుకోవడం నాకు చాలా కష్టమయింది.

మీకు నిద్ర పట్టని రాత్రి సంగతి రాశారు కాబట్టి ఇది చెబుతున్నాను. మీ విషయంలో తప్పు మీది కాదు, ఎవరో కలిపిన వాక్యం. నా విషయంలో వాక్యం నాదే, రాసినప్పుడు తప్పు కాదు, తరవాత తప్పయింది, తప్పయిందని తెలిసి కూడా వెనక్కి వెళ్ళి దిద్దలేదు. ఆ వారమే ఇంట్లో ఉన్న పాత పేజీలన్నీ, దాదాపు ఏడు వందలు, కింద పరుచుకుని కూర్చున్నాను. క్షయ మీద రాసిన పేజీలో "వారానికి మూడు రోజులు ఎర్ర డబ్బాలోని మాత్రలు" అని ఉంది. మన దేశంలో 2017 నుంచి రోజూ వేసుకునే పద్ధతి వచ్చేసింది, ఆ పేజీ పట్టుకున్న మనిషి రోజు మార్చి రోజు మింగితే ఏమవుతుంది? మందులకి లొంగని క్షయకి దారి తీసినవాణ్ణి నేనే అయ్యేవాణ్ణి. రెండు పేజీల్లో ఇచ్చిన మాత్ర పేరు ఇప్పుడు బజారులో ఉండకూడనిది. ఇంకా ఉన్నాయి, అన్నీ రాయడం లేదు.

దిద్దడం కూడా మీరు అనుకున్నంత తేలిక కాదు. ఆస్పిరిన్ గురించి కొత్త పేజీ రాసి, "గుండె జబ్బు లేనివాళ్ళు ఊరికే ఆస్పిరిన్ వేసుకోవద్దు" అని పెద్ద అక్షరాలతో పైన పెట్టాను. పది రోజులకి, గుండె రక్తనాళంలో స్టెంట్ వేయించుకుని ఆస్పిరిన్ తప్పక వేసుకోవాల్సిన ఒకావిడ ఓపీకి వచ్చి, "మీరు వద్దన్నారని మానేశాను సార్, బీపీ మాత్ర ఒక్కటే వేసుకుంటున్నా" అంది. కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. ఆవిడ చూసింది "వేసుకోవద్దు" అన్న మాట ఒక్కటే, ముందున్న "లేనివాళ్ళు" అన్న మాట ఆవిడ కంటికి ఆనలేదు. అప్పటి నుంచి నా పేజీల్లో మొదటి వాక్యం ఎప్పుడూ ఈ పేజీ ఎవరికి కాదో చెబుతుంది. "గుండెపోటు వచ్చినవాళ్ళు, స్టెంట్, బైపాస్ అయినవాళ్ళు, పక్షవాతం వచ్చినవాళ్ళు: మీ మాత్ర మీరు వేసుకుంటూనే ఉండండి, ఈ కాగితం మీ కోసం కాదు." తరవాతే మిగతాది.

పాఠం చెప్పడం గురించి రాత్రికి రాస్తాను, ఇప్పుడు ఓపీకి టైమయింది.

---

క్యాజువాలిటీ సిస్టర్:

సార్ రాసింది చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. నేను కరీంనగర్ వైపు పద్దెనిమిదేళ్ళుగా స్టాఫ్ నర్సుని. మేడమ్, నాది ఒక మాట, కొంచెం సూటిగా ఉంటుంది, ఏమనుకోవద్దు.

గోడ మీద పేజీ చదివేవాళ్ళు తక్కువ. జనం అడిగేది మమ్మల్ని. డాక్టరు గదిలోంచి బయటికొచ్చి, చీటీ చేతిలో పట్టుకుని "సిస్టర్, సార్ ఏమన్నాడు?" అని అడుగుతారు. మీరు లోపల ఎంత బాగా చెప్పినా బయట మేము చెప్పిందే ఇంటికి పోతుంది. కాబట్టి మీ పేజీ ముందు మాకు ఇవ్వండి, ఆయాలకి, ఆశా కార్యకర్తలకి చదివి వినిపించండి. మా దగ్గర ఒక డాక్టరు గారు కుక్కకాటు మీద అర పేజీ రాసి ముందు మాతోనే చదివించారు. అప్పటిదాకా ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు కాటు మీద కారం, సున్నం పెట్టుకుని, "బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు" అన్న భయంతో మూడు రోజులు ఆలస్యంగా వచ్చేవాళ్ళు. ఆ సూదుల మందు దేశంలో 2004 తోనే ఆగిపోయింది, అయినా ఆ భయం ఇంకా పోలేదు చూడండి. ఇప్పుడు చేతికి వేసేదే, చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, దాని తరవాత మూడు, ఏడు, ఇరవై ఎనిమిదో రోజు. కాటుకి రక్తం వస్తే గాయంలోకి, గాయం చుట్టూ ఇంకో మందు కూడా. అన్నిటికంటే ముందు సబ్బు పెట్టి, ధారగా పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడగడం. ఆశా అక్కలు ఇదే మాట పట్టుకుని ఊళ్ళో చెప్పడం మొదలెట్టాక, కడుక్కుని వచ్చేవాళ్ళు కనబడటం మొదలైంది. నేను లెక్క పెట్టలేదు గానీ గాయం చూస్తే తెలిసిపోతుంది, కారం వాసన లేదు, సబ్బు వాసన ఉంటుంది.

ఇంకోటి, భాష. కొత్తగా వచ్చిన హౌస్ సర్జన్ పాప ఒకామెని "కఫం తెచ్చివ్వండి" అని డబ్బా ఇస్తే ఆమె అలాగే నిలబడింది. నేను "తెమడ, అవ్వా, పొద్దున లేవంగనే దగ్గితే వచ్చేది" అన్నాక నవ్వి తీసుకుంది.

---

యూకేలో ఉంటున్న జీపీ:

పదకొండేళ్ళుగా ఇక్కడ జీపీగా, అంటే జనం ఏ జబ్బుకైనా ముందుగా వెళ్ళే ఫ్యామిలీ డాక్టరుగా పనిచేస్తున్నాను, సొంతూరు తెనాలి దగ్గర. రోజూ సాయంత్రం అమ్మ ఫోన్ చేస్తుంది, తనకి వచ్చిన ఆరోగ్యం మెసేజీలు చదివి "ఇది నిజమేనా నాన్నా" అని అడుగుతుంది. మొదట్లో విసుక్కునేవాణ్ణి. తరవాత ఆవిడ అడిగిన ప్రతి ప్రశ్నకీ రెండు నిమిషాల వాయిస్ రికార్డు చేసి పంపడం మొదలుపెట్టాను, ఇప్పుడవి మా వీధిలో సగం మందికి వెళ్తున్నాయి.

ఇక్కడ నాకు నచ్చిన అలవాటు ఒకటి చెబుతాను. స్పెషలిస్టులు రోగిని చూశాక ఉత్తరం జీపీకి రాసి, రోగికి కాపీ పంపేవాళ్ళు. 2018లో ఇక్కడి మెడికల్ రాయల్ కాలేజీల అకాడమీ ఆ ఉత్తరం నేరుగా రోగికే రాయండి, జీపీకి కాపీ పంపండి అని సలహా ఇచ్చింది. అందరూ పాటించడం లేదు గానీ, పాటించిన డాక్టరు ఉత్తరం చూస్తేనే తెలుస్తుంది. "మీ" అని మొదలైన వాక్యంలో అర్థం కాని మాట రాయడానికి చెయ్యి రాదు. మన దగ్గర డిశ్చార్జ్ సమ్మరీలో కనీసం చివరి నాలుగు లైన్లయినా తెలుగులో, "మీరు" అని రాస్తే? మేడమ్, మీ వారం పేజీ భారమైతే దాన్ని ఆపి ఇదొక్కటి చేసినా నష్టం లేదని నా అభిప్రాయం.

---

పాత వార్డు డాక్టరు:

సిస్టర్ అమ్మా, మీరు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నేను బదిలీ మీద ఆదిలాబాద్ వైపు వెళ్ళినప్పుడు నా దగ్గర శ్రీకాకుళంలో బాగా ఆడిన క్షయ పేజీ ఉంది, అందులో అంతా "కళ్ళె" అని రాశాను. అక్కడ దాన్ని తెమడ అంటారని తెలియడానికి నాకు నెల పట్టింది. ఆయాసం అంటే కొందరికి తెలియదు, "దమ్ము వస్తుంది" అంటారు. జలుబు, పడిశం, సర్ది మూడూ ఒకటే. తెలుగులో రాస్తున్నాను కదా అందరికీ అర్థమవుతుంది అనుకోవడం నా గర్వం. తరవాత నుంచి ప్రతి పేజీ వార్డులో ఒక ఆయాకి, ఒక పేషెంటు అటెండరుకి చదివి వినిపించి, వాళ్ళు తిరిగి చెప్పేదాకా అంటించలేదు.

పాఠం సంగతి. అమ్మా, రాయడం, పాఠం చెప్పడం రెండు వేరు పనులని చాలా ఏళ్ళు అనుకున్నాను. ఒక రోజు రౌండ్స్‌లో హౌస్ సర్జన్ కేస్ షీట్ చదివాడు: యాభై రెండేళ్ళ మగ మనిషి, గ్యాస్ట్రైటిస్, రాత్రి నుంచి. ఇంజెక్షన్ ఇచ్చారు, తగ్గలేదు. నేను మంచం పక్కన కూర్చుని "ఏమయిందయ్యా" అంటే ఆయన అరచెయ్యి మొత్తం రొమ్ము మీద పరిచి, "గుండెల్లో మంట బాబూ, ఇక్కడి నుంచి దవడ దాకా పట్టేసినట్టు, చెమటలు" అన్నాడు. ఈసీజీ తీస్తే గుండెపోటు. ఆ కుర్రాడు చెడ్డ డాక్టరు కాదు. పేషెంటు చెప్పింది "గుండెల్లో మంట", కుర్రాడి తలలో అది ఇంగ్లీషులోకి మారేటప్పుడు ఎసిడిటీ అయిపోయింది, చెమటలు, దవడ కాగితం మీదికి రానేలేదు. అరచెయ్యి అసలే రాలేదు.

ఆ రోజు నుంచి నా యూనిట్లో ఒక పద్ధతి పెట్టాను. కేస్ షీట్లో మొదటి లైను పేషెంటు అన్న మాట, అన్నది అన్నట్టు, తెలుగు లిపిలో. దాని కిందే మీ ఇంగ్లీషు. పిల్లలు మొదట్లో ఇబ్బంది పడ్డారు, కొందరికి తెలుగు రాయడమే రాదు, పదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం. అయినా రాయించాను. "కళ్ళు తిరుగుతున్నాయి" అన్న లైను తీసుకుని ఒక గంట పాఠం చెప్పొచ్చు తెలుసా? ఒకరికి గది గిర్రున తిరుగుతుంది, అది చెవి లోపలి సంగతి కావచ్చు. ఇంకొకరికి లేచి నిలబడగానే కళ్ళు బైర్లు కమ్ముతాయి, ఆయన బీపీ పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి చూడాలి. మూడో ఆమెకి నడిస్తే తూలు, పడుకుంటే ఏమీ లేదు, ఆమె కాళ్ళ స్పర్శ చూడాలి. నాలుగో ఆయన రెండు రోజులుగా తిండి లేక నీరసాన్నే అలా అంటున్నాడు. మాట ఒకటే. పేషెంటు చేతి సైగ, ముఖం చూస్తే గాని ఏదో తెలియదు. ఇలా పట్టుకున్న మాటలే నా వారం పేజీల్లోకి వెళ్ళేవి, పేజీ చదివి జనం అడిగిన ప్రశ్నలు మళ్ళీ మర్నాడు రౌండ్స్‌లోకి వచ్చేవి. రెండూ ఒకే చక్రం అయిపోయాక నాకు అలసట తగ్గింది. విడిగా రాయాల్సిన పని లేకపోయింది కదా.

---

ఉద్దానం పీహెచ్‌సీ డాక్టరు:

సార్, మీ పేరు ఇక్కడ చెప్పను గానీ, కేస్ షీట్లో తెలుగు లైను అనగానే గుర్తుపట్టేశాను. నేను ఒకప్పుడు మీ యూనిట్లో హౌస్ సర్జన్‌ని. ఇప్పుడు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) ఉన్నాను.

మేడమ్, సార్ మాతో చేయించిన ఒక పని చెబుతాను. కిడ్నీ జబ్బుతో ఉన్న ఒక కుర్రాడి తల్లికి పరిస్థితి చెప్పి రమ్మని నన్ను పంపించారు. నేను వెళ్ళి "అమ్మా, వారం కిందట క్రియాటినిన్ 6, ఇప్పుడు 8కి పెరిగింది" అన్నాను. ఆవిడ ముఖం వెలిగింది. పెరిగింది అంటే బాగవుతున్నాడు అనుకుంది. నేను అక్కడి నుంచి మాట రాక వెనక్కి వచ్చేశాను. సార్ తిట్టలేదు, నాతో పాటు మళ్ళీ వెళ్ళి ఆవిడ పక్కన బల్ల మీద కూర్చుని, "ఒంట్లో చెత్త బయటికి పోవాలి తల్లీ, వాడి కిడ్నీలు దాన్ని పంపలేకపోతున్నాయి, ఈ అంకె లోపల మిగిలిపోయిన చెత్త, అది పెరుగుతోంది" అన్నారు. ఆవిడ ఏడ్చింది. అయినా ఆ రోజు నుంచే డయాలసిస్‌కి ఒప్పుకుంది.

ఇక్కడ రాయడంలో ఇంకో రకం కష్టం ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు, మందస, పలాస, ఎక్కడికి వెళ్ళినా అడిగేది ఒకటే, "డాక్టరు గారూ, ఈ కిడ్నీ జబ్బు ఎందుకొస్తోంది?" షుగరు లేదు, పెద్దగా బీపీ లేదు, మూత్రంలో ప్రొటీన్ కూడా అంతగా పోదు, అయినా కిడ్నీలు ఎండిపోతాయి. శ్రీలంకలో అనూరాధపుర వైపు, మధ్య అమెరికాలో చెరకు తోటల్లో ఇలాంటిదే ఉంది. నీళ్ళు అంటారు, సిలికా అంటారు, పురుగుమందులు, ఎండలో పని, నొప్పి మాత్రలు అంటారు, ఏదీ ఇదే అని తేలలేదు. ఏదో ఒక కారణం గట్టిగా రాస్తే జనం సంతోషిస్తారు, పేజీ బాగా తిరుగుతుంది. నేను మొదటి ఏడాది "నీళ్ళ వల్లే" అని దాదాపు రాసేశాను, చివరి నిమిషంలో సార్‌కి ఫోన్ చేస్తే "తేలనిదాన్ని తేలలేదనే రాయి, తేలినదాన్ని గట్టిగా రాయి" అన్నారు. అప్పుడు కారణం గురించి రెండే లైన్లు రాసి, మిగతా పేజీ అంతా ఒళ్ళు నొప్పులకి మందుల షాపులో అడిగి తెచ్చుకునే మాత్రల గురించి రాశాను, అవి దెబ్బతిన్న కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి, ఇది తేలిన విషయం. పెద్దవయసువాళ్ళు పేర్లు చదివి అవి ఏ మాత్రలో తెలుసుకోలేరు కాబట్టి, ఊళ్ళో దొరికే నాలుగైదు స్ట్రిప్పులు ఖాళీవి తెచ్చి కాగితానికి అంటించాను. జీడితోటల్లో పనికి వెళ్ళే ఆడవాళ్ళు ఇప్పుడు స్ట్రిప్పు పట్టుకొచ్చి "ఇది గోడ మీద ఉన్నదేనా" అని అడుగుతున్నారు.

---

కొత్త అసిస్టెంట్ ప్రొఫెసర్:

అందరికీ చాలా థాంక్స్. ఇన్ని జవాబులు వస్తాయని అనుకోలేదు. సార్, మీ ఆస్పిరిన్ పేజీ సంగతి చదివాక నా రెండున్నరేళ్ళ పేజీలు తీసి చూశాను, నూటికి పైగా ఉన్నాయి, ఒక్కదాని మీద కూడా తేదీ లేదు. సిస్టర్, సోమవారం నుంచి పేజీ ముందు మా ఓపీ సిస్టర్లకే. యూకే అన్నా, డిశ్చార్జ్ సమ్మరీ ఆలోచన మా యూనిట్లో అడుగుతాను, కుదురుతుందో లేదో.

సార్, ఇంకో రెండు అడగాలి. పాత పేజీలు దిద్దడం మీరు అసలు ఎలా చేస్తున్నారు, ఎంతసేపు పడుతుంది? నా పేజీ మార్చి తిప్పినట్టు మళ్ళీ ఎవరైనా చేస్తే ఏం చేయాలి?

---

పాత వార్డు డాక్టరు:

అమ్మా, నేను చేసేది చాలా మామూలు పని. ఒక పొడుగాటి రిజిస్టరు పెట్టాను, ఆస్పత్రిలో అడ్మిషన్లకి వాడేలాంటిది. ఒక్కో పేజీకి ఒక నంబరు, రాసిన తేదీ, మళ్ళీ చూడాల్సిన తేదీ. మందు పేరు, డోసు, "ఎన్ని రోజులు" లాంటి అంకె ఉన్న పేజీ ఏడాదికి ఒకసారి. కాళ్ళ పుండ్లు కడుక్కోవడం, చెప్పులు చూసి వేసుకోవడం లాంటివి మూడేళ్ళకోసారి, అవి పెద్దగా మారవు. ప్రతి ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ నాలుగైదు పేజీలు చూస్తాను, గంట పడుతుంది. కాబట్టి ఇప్పుడు కొత్త పేజీ నెలకి ఒకటే రాస్తున్నాను. మీరూ వారానికి ఒకటి ఆపేయండి. నూరు పేజీలు బతికించుకోవడానికి ఒక మనిషి టైము సరిపోతుంది, ఏడు వందలకి సరిపోదు, నేను నాలుగు వందలు తీసేశాను. తీసేసేటప్పుడు బాధగానే ఉంది, కొన్ని చాలా ఇష్టంగా రాసినవి.

ప్రతి పేజీ నెత్తిన ఇలా ఉంటుంది: "ఈ కాగితం ఫలానా తేదీ దాకా పనికొస్తుంది. తరవాత కొత్తది అడగండి." మాత్ర స్ట్రిప్పు మీద ఎక్స్‌పైరీ డేటు చూడటం జనానికి ఇప్పుడు బాగా అలవాటయింది, దీన్నీ అలాగే చూస్తున్నారు. మొన్న ఒకావిడ "సార్, నా షుగరు కాగితానికి డేటు అయిపోయింది" అంటూ వచ్చింది.

మార్చి తిప్పడం గురించి. పూర్తిగా ఆపలేం, ఆపగలమని మీకు చెప్పి మభ్యపెట్టను. నేను చేసేది, ప్రతి పేజీ చివర ఒకే వాక్యం, ఇరవయ్యేళ్ళలో ఒక్క అక్షరం మార్చలేదు: "నేను రాసిన ఏ కాగితమూ మీరు వాడుతున్న మందు ఆపేయమని చెప్పదు. అలా చెబితే అది నాది కాదు." వార్డులో, ఓపీలో, పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు కూడా అదే మాట అంటాను, సిస్టర్లూ అంటారు. అది జనం చెవిలో పడిపోయింది. నా ఆస్పిరిన్ దిద్దుబాటు పేజీలో ఆ వాక్యం పెట్టడానికి చోటు చాలలేదని ఆ ఒక్కసారి తీసేశాను. ఆ స్టెంట్ ఆవిడ వచ్చింది ఆ పేజీ పట్టుకునే.

మీ దగ్గరికి ఫోన్ చూపించిన ఆయన రివ్యూకి వస్తాడు కదా. వచ్చినప్పుడు మీ అసలు పేజీ, మార్చిన పేజీ రెండూ పక్కపక్కన పెట్టి ఆయనకే చూపించండి, ఏది మీదో ఏది కాదో ఆయన్నే చెప్పమనండి. ఆయన ఊరివాళ్ళకి మీకంటే ఆయన చెబితేనే బాగా ఎక్కుతుంది. మీ హౌస్ సర్జన్లని కూడా అప్పుడు పక్కనే ఉంచుకోండి.

---

కొత్త అసిస్టెంట్ ప్రొఫెసర్:

ఆయన రివ్యూ వచ్చే గురువారం సార్. రెండు పేజీలూ ప్రింట్ తీసి పెట్టుకున్నాను. రిజిస్టరు కూడా ఈ రోజే కొన్నాను, మొదటి లైన్లో ఆ షుగరు పేజీనే రాశాను, తేదీ వేసి.